మీసం మొలవని చోటు

నా పై పెదవి మీద, ముక్కు ఎడమ రంధ్రం దగ్గర మొదలై పెదవి అంచు దాకా దిగే సన్నని గీత ఒకటి ఉంది. చిన్నప్పుడు దాన్ని చూసి జాలిపడిన చుట్టాలందరూ మా అమ్మకు ఒకే ఓదార్పు చెప్పేవారు: "మగపిల్లవాడేగా, మీసం వస్తే అదే కప్పేస్తుందిలే." ఆ మాట నమ్ముకుని పదిహేనో ఏడు దాకా అద్దం ముందు ఎదురుచూశాను. మీసం వచ్చింది గానీ రెండు ముక్కలుగా వచ్చింది. గాయం మానిన చోట ఏర్పడే మచ్చలో వెంట్రుకల కుదుళ్ళు ఉండవన్న సంగతి మా చుట్టాలలో ఎవరికీ తెలియదు. ఆడపిల్లనై పుట్టి ఉంటే ఆ ఉత్తుత్తి ఓదార్పు కూడా దక్కేది కాదని చాలా ఆలస్యంగా అర్థమైంది.

నేను పై పెదవి, అంగిలి రెండూ చీలి పుట్టాను. ఈ స్థితికి తెలుగులో వాడుకలో ఉన్న పేరు గ్రహణం మొర్రి. జబ్బులకు మనవాళ్ళు పెట్టిన పేర్లలో ఇంత అన్యాయమైన పేరు మరొకటి ఉందనుకోను. పచ్చకామెర్లు అంటే రంగు తెలుస్తుంది, పక్షవాతం అంటే ఒక పక్క పడిపోయిందని తెలుస్తుంది. గ్రహణం మొర్రి అంటే మాత్రం నేరమూ, నేరం మోయవలసిన మనిషీ తెలుస్తారు. గ్రహణం నాడు కడుపుతో ఉన్న మనిషి కదలకుండా పడుకోక ఏదో కోసింది, అందుకే బిడ్డ పెదవి తెగింది అన్న తీర్పు ఆ రెండు మాటల్లోనే ఉంది.

మా ఇంట్లో ఆ తీర్పుకు సాక్ష్యం కూడా దొరికింది. 1980 ఫిబ్రవరి 16, శనివారం మధ్యాహ్నం, కర్ణాటక తీరం నుంచి తెలంగాణ మీదుగా ఒడిశా తీరం దాకా సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ప్రకాశం జిల్లాలోని మా ఊళ్ళో అది పాక్షికమే అయినా, జనం తలుపులు బిగించుకుని కూర్చోవడంలో మాత్రం ఏ లోటూ రానివ్వలేదట. అమ్మకు అప్పుడు అయిదో నెల. ఆ పూట అమ్మ కత్తిపీట ముందు కూర్చుని దోసకాయ తరిగిందని నాయనమ్మ చెప్పేది; తాను చాప మీద వెల్లకిలా పడుకుని దూలాలు లెక్కపెడుతూ ఉన్నానని అమ్మ చెప్పేది. జూలైలో నేను పుట్టాక ఆ దోసకాయ మా ఇంట్లో దాదాపు ఇరవయ్యేళ్ళు బతికింది. పండగకో పబ్బానికో నలుగురూ చేరినప్పుడు అది ఏదో ఒక మాటలో తప్పకుండా బయటపడేది.

పిండం ముఖం మొదటి నుంచీ ఒకే ముద్దగా ఉండదు. నుదుటి వైపు నుంచి ఒక భాగం దిగుతుంది, రెండు చెంపల వైపుల నుంచి రెండు భాగాలు లోపలికి జరుగుతాయి, అవి కలిసిన చోట పై పెదవి ఏర్పడుతుంది. మన ముక్కు కింద ఉన్న గాడిని వేలితో తడిమితే రెండు పక్కలా తగిలే సన్నని గట్లు ఆ కలయికకు మిగిలిన గుర్తులు. ఆ కలయిక గర్భం నిలిచాక సుమారు అయిదో వారం నుంచి ఏడో వారం లోపల జరిగిపోతుంది. అంగిలి మరికొద్ది వారాలలో పూర్తవుతుంది. నేను నెలలు నిండి జూలై రెండో వారంలో పుట్టాను కాబట్టి, నా పెదవి కలవవలసిన రోజులు 1979 నవంబరు ఆఖరు, డిసెంబరు మొదలు. గ్రహణం పట్టే నాటికి నా పెదవి సంగతి తేలిపోయి రెండు నెలలు దాటింది. ఆ దోసకాయను తరిగినా తరగకపోయినా నా ముఖం అదే.

ఈ లెక్కను నా ముప్పయ్యో ఏట ఒక పాత క్యాలెండరు ముందు పెట్టుకుని వేసి అమ్మకు చూపించాను. అమ్మ సంతోషిస్తుందనుకున్నాను. కాసేపు క్యాలెండరు వైపే చూసి, "ఇది మీ నాయనమ్మ ఉండగా వేసి ఉంటే బాగుండేది నాయనా," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అసలు కారణం ఏమిటని అడిగితే చాలామంది విషయంలో ఒక్కటని చూపలేరు. వంశపారంపర్యంగా వచ్చే జన్యువులు కొంత, గర్భం తొలి వారాలలో ఫోలిక్ ఆమ్లం చాలకపోవడం కొంత, తల్లి పొగ తాగడం, మూర్ఛకు వాడే కొన్ని మందులు కొంత కారణమవుతాయి. ప్రపంచం మొత్తం మీద సుమారు 700 కాన్పులకు ఒకటి చొప్పున ఇలాంటి బిడ్డలు పుడుతూనే ఉంటారు. తమ ఊళ్ళో గ్రహణం కనబడని ఏళ్ళలోనూ పుడతారు, గ్రహణాన్ని పట్టించుకోని దేశాలలోనూ పుడతారు.

నా ముఖానికి ఇప్పటికి అయిదు శస్త్రచికిత్సలు జరిగాయి. ఆ అనుభవంతో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ముఖానికి చేసే చికిత్సలో ఒక మెట్టు దాటగానే "ఇక మిగిలింది అందం కోసమే" అని చేయి దులుపుకోవడానికి మన ఆసుపత్రులకూ, పథకాలకూ, బీమా సంస్థలకూ, ఇళ్ళకూ ఒక అలవాటు ఉంది. ఆ మాట వైద్యపరమైన విభజన కాదు, సగంలో ఆపేయడానికి దొరికిన సాకు.

మొదటి శస్త్రచికిత్స 1981లో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో, నాకు పదకొండో నెలలో జరిగింది. పెదవిని కలపడం అంటే చిరిగిన చొక్కాకు కుట్లు వేయడం లాంటిదని నేను చాలాకాలం అనుకున్నాను. నోటి చుట్టూ ఉంగరంలా తిరిగే కండరం ఒకటి ఉంటుంది. పాలు చప్పరించడానికీ, ఈల వేయడానికీ, పెదవులు బిగించి కోపం ఆపుకోవడానికీ అదే ఆధారం. పెదవి చీలినవారిలో ఆ ఉంగరం తెగి, రెండు కొసలూ ముక్కు అడుగున తప్పు చోట అతుక్కుని ఉంటాయి. చర్మం మాత్రమే కలిపితే బిడ్డ నవ్వినప్పుడల్లా ఆ కొసలు పైకి లాగి పెదవి ఉబుకుతుంది. అందుకని కండరాన్ని విడదీసి, సరైన చోటికి తెచ్చి కలపాలి. అమెరికా శస్త్రవైద్యుడు రాల్ఫ్ మిల్లార్డ్ 1955లో స్టాక్‌హోమ్‌లో ప్రకటించిన పద్ధతిలో చీలికకు ఒక పక్కనున్న పెదవిని కిందికి తిప్పి, రెండో పక్కనున్న దాన్ని ఆ ఖాళీలోకి జరుపుతారు. కుట్టు గీత ముక్కు కింది గట్టు మీదుగానే పడుతుంది కాబట్టి చూపుకు సహజంగా కలిసిపోతుంది. నాకు కుట్టిన వైద్యుడెవరో తెలియదు. చేయి మంచిది. కొత్తగా నన్ను కలిసిన వైద్యులందరూ ఆ గీతను వేలితో తడిమి మెచ్చుకుంటారు.

పెదవి కలవగానే ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. బిడ్డ ముఖం బాగుపడింది, ఫొటో తీయించారు, తిరుపతి వెళ్ళి మొక్కు తీర్చుకున్నారు. అంగిలి సంగతి ఎవరికీ పట్టలేదు, ఎందుకంటే అది నోటి లోపల ఉంటుంది. మాటల అలవాటు పడకముందే, అంటే సాధారణంగా తొమ్మిది నుంచి పద్దెనిమిది నెలల మధ్య, అంగిలిని మూయాలని మాకు ఎవరూ చెప్పలేదు. నాకు అది ఆరేళ్ళకు జరిగింది.

ఆ అయిదేళ్ళ తేడా నా నాలుక మీద ఏం చేసిందో చెప్పాలి. మనం మాట్లాడేటప్పుడు అంగిలి వెనుక భాగం, కొండనాలుకతో సహా, పైకి లేచి ముక్కు దారిని మూస్తుంది. అలా మూస్తేనే నోట్లో గాలి నిలిచి ప, బ, త, ద, క, గ, చ, స లాంటి ధ్వనులు పుడతాయి. అంగిలి చీలి ఉంటే గాలి ముక్కులోకి జారిపోతుంది. మ, న మాత్రం ముక్కుతోనే పలికే అక్షరాలు కాబట్టి వాటికి ఏ ఇబ్బందీ ఉండదు. ఇప్పుడు తెలుగు ఇంట్లో చుట్టరికాలను ఒక్కొక్కటే పలికి చూడండి. అమ్మ పలుకుతుంది, నాన్న పలుకుతుంది, మామ పలుకుతుంది. తాత పలకదు. అక్క పలకదు, అత్త పలకదు, బాబాయి అసలే పలకదు. నేను తాతను పిలిస్తే అది "నానా" అని వినిపించి నాన్న పలికేవాడట. తాత నవ్వుతూనే, తన వంతు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవాడట. అమ్మానాన్నలను చక్కగా పిలుస్తున్న పిల్లవాడికి మాట రాదని మొదట్లో ఎవరూ అనుకోరు. ఆ రెండు పిలుపులు మా ఇంట్లో అందరినీ మోసం చేశాయి.

ఆరేళ్ళకు అంగిలి మూశాక కూడా మాట వెంటనే బాగుపడలేదు. ఆ ఆరేళ్ళలో నాలుక తప్పు దారులు నేర్చుకుంది. గొంతులో గాలిని ఆపి క లాంటి శబ్దం చేయడం, త బదులు న అనడం అలవాటైపోయింది. వాటిని మరపించడానికి శస్త్రవైద్యుడి కత్తి పనికిరాదు, మాటల చికిత్సకులు కావాలి. 1986లో మా జిల్లాలో అలాంటి మనిషి ఒకరుంటారన్న ఊహ కూడా మాకు లేదు. నాకు ఆ పని చేసింది ఏడో తరగతి తెలుగు మాస్టారు. రోజూ బడి విడిచాక ఆయన నా ముక్కు రంధ్రాల కింద పలక పెట్టి పద్యం చదివించేవారు. పలక మీద ఆవిరి పడితే ఆ పాదం మళ్ళీ మొదటి నుంచి. ఇప్పటి మాటల చికిత్సకులు ముక్కు కింద చిన్న అద్దం పెట్టి అదే పరీక్ష చేస్తారని తెలిసినప్పుడు నాకు ఆయన మీద గౌరవం రెండింతలయింది. అయినా, ప్రాసస్థానంలో ద్విత్వ కకారం వచ్చిన పద్యాలంటే నాకు ఈనాటికీ భయమే.

పదకొండో ఏట తుంటి ఎముక నుంచి కొంత తీసి పంటి చిగురు దగ్గరి ఖాళీలో పెట్టారు, లేకపోతే ఆ చోట కోరపన్ను దిగడానికి ఎముక ఉండదు. పంతొమ్మిదో ఏట పెదవి గీతను కొంత సవరించారు. ఈ రెండింటి గురించి ఎక్కువ చెప్పను. అయిదోదే ఈ వ్యాసానికి మూలం.

చీలిక ఉన్న వైపు ముక్కు రంధ్రం చప్పిడిగా పడిపోయి ఉంటుంది, ముక్కు మధ్య గోడ వంకర తిరిగి ఉంటుంది. నలభయ్యేళ్ళు దాటాక నిద్రలో ఊపిరి అందక లేచి కూర్చోవడం మొదలైంది. శస్త్రవైద్యుడు పరీక్షించి, మధ్య గోడను సరిచేయాలని, అదే మత్తులో పడిపోయిన రంధ్రపు రెక్కను పక్కటెముక మృదులాస్థితో నిలబెట్టాలని, లేకపోతే గోడ సరిచేసినా లోపలికి గాలి పీల్చినప్పుడల్లా ఆ రెక్క ముడుచుకుపోతుందని చెప్పారు. ఒకే బల్ల, ఒకే మత్తు, మూడున్నర గంటలు. తరువాత బీమా సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. మధ్య గోడకు అయిన ఖర్చు ఇస్తారట. ముక్కు రెక్కకూ, రంధ్రానికీ అయినది "సౌందర్య చికిత్స" కింద తిరస్కరించారు. ఒకే ఊపిరి ఒకే రంధ్రం గుండా పోతుంటే దాని లోపలి వైపు వైద్యం, బయటి వైపు షోకు అయ్యాయి.

కోపంలో ఆసుపత్రి బిల్లును మరోసారి చూశాను. అందులో వస్తు సేవల పన్ను లేదు. ఎందుకు లేదో కనుక్కుంటే తమాషా సంగతి బయటపడింది. 2017లో ఆ పన్ను వచ్చినప్పుడు ఆరోగ్య సేవలకు మినహాయింపు ఇచ్చారు; జుట్టు మార్పిడికీ, సౌందర్య, ప్లాస్టిక్ సర్జరీలకూ మాత్రం ఇవ్వలేదు, వాటికి 18 శాతం పడుతుంది. కానీ ఆ నిబంధనలోనే, పుట్టుకతో వచ్చిన లోపాల వల్ల గానీ, ఎదుగుదలలో వచ్చిన తేడాల వల్ల గానీ, గాయాల వల్ల గానీ దెబ్బతిన్న శరీర నిర్మాణాన్నో పనినో తిరిగి నిలబెట్టే శస్త్రచికిత్సకు పన్ను లేదని స్పష్టంగా రాశారు. రాసినవాళ్ళు ఎవరో గానీ, "పుట్టుకతో వచ్చిన లోపాలు" అన్న మాటను మొట్టమొదట పెట్టారు.

బీమా వైపు కథ వేరు. ఆరోగ్య బీమా పాలసీలలో దేనికి డబ్బు ఇవ్వనక్కరలేదో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఒకే వాక్యరూపంలోకి తెచ్చింది. సౌందర్య, ప్లాస్టిక్ సర్జరీకి సంబంధించిన వాక్యం ప్రకారం, రూపం మార్చే చికిత్సకు డబ్బు రాదు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తరువాత చేసే పునర్నిర్మాణమైతేనో, ప్రత్యక్షమైన తక్షణ ఆరోగ్య ముప్పును తొలగించే చికిత్సలో భాగమైతేనో మినహాయింపు. ప్రమాదం ఉంది, కాలిన గాయం ఉంది, క్యాన్సర్ ఉంది. పుట్టుక లేదు. దీనికి తోడు, పుట్టుక లోపాలను పాలసీలు అంతర్గతం, బాహ్యం అని రెండుగా చీలుస్తాయి; కంటికి కనిపించే భాగంలో ఉంటే బాహ్యం. గుండెలో రంధ్రం అంతర్గతం, నా ముక్కు బాహ్యం. అంటే పన్ను అధికారికి నేను రోగిని, బీమా సంస్థకు నేను షోకిల్లాను. ఒకే ప్రభుత్వపు రెండు నిబంధనలు ఒకే ముక్కు గురించి ఇలా మాట్లాడితే, ఆ గీత ఎక్కడో వైద్య శాస్త్రంలో ఉందని నన్నెవరూ నమ్మించలేరు.

ఈ ఉత్తరం వచ్చిన వారంలోనే మా బంధువుల వాట్సాప్ గుంపులో, ప్లాస్టిక్ సర్జరీని ప్రపంచానికి మన సుశ్రుతుడే నేర్పాడని ఒక సందేశం తిరిగింది. మాట తప్పని అనను. సుశ్రుత సంహితలో తెగిన ముక్కు కొలతకు ఆకును కత్తిరించి, అదే కొలతలో చెంప చర్మాన్ని ఒక కొస అతుక్కుని ఉండేలా తీసి, ముక్కు మీదికి మళ్ళించి, ఊపిరికి గొట్టాలు పెట్టి అతికించే విధానం ఉంది. అయితే ఆ విద్య ఎవరి చేతిలో బతికిందన్నదే నాకు ఆసక్తి. 1792 నాటి మైసూరు యుద్ధంలో కంపెనీ సైన్యానికి ఎడ్లబండి తోలిన కావస్జీ అనే మరాఠా రైతు టిప్పు సైన్యానికి చిక్కి, ముక్కూ ఒక చేయీ పోగొట్టుకున్నాడు. ఏడాదికి పైగా ముక్కు లేకుండా తిరిగాక పుణె దగ్గర ఒక మనిషి అతనికి కొత్త ముక్కు చేసి పెట్టాడు. మైనంతో ముక్కు అచ్చు తీసి, దాన్ని చదును చేసి నుదుటి మీద పరిచి, గీత గీసి, కనుబొమల మధ్య సన్నని తోక వదిలి చర్మాన్ని కిందికి తిప్పాడు. రక్తం ఆ తోక గుండానే అందుతుంది. అతుక్కోవడానికి వాడినది మన తాంబూలంలో వేసే కాచు. సుమారు ఇరవై అయిదు రోజులకు ఆ తోకను కోసేశాడు. ఈ వివరాలు 1794 అక్టోబరులో లండన్‌లోని జెంటిల్మన్స్ మ్యాగజైన్‌లో ఒక ఉత్తరంగా అచ్చయ్యాయి. అవి చదివి సాధన చేసిన జోసెఫ్ కార్ప్యూ అనే వైద్యుడు 1814లో లండన్‌లో అదే శస్త్రచికిత్స చేశాడు. నుదుటి చర్మంతో ముక్కు నిలబెట్టడం నేటికీ క్యాన్సర్‌తో ముక్కు పోయినవారికి చేస్తున్నదే.

ఆ ఉత్తరంలో రోగి పేరు ఉంది. అలాంటి శస్త్రచికిత్సను కళ్ళారా చూసిన ఇద్దరు ఆంగ్ల వైద్యుల పేర్లు ఉన్నాయి. చేసిన మనిషి గురించి మాత్రం, ఇటుకలు చేసే కులంవాడని ఒక్క మాట. మా వాట్సాప్ గుంపులో ఆ ఇటుకల మనిషి ప్రస్తావన ఎన్నడూ రాలేదు; నేను రాసి పెడితే ఎవరూ బొటనవేలు కూడా ఎత్తలేదు.

కావస్జీకి ముక్కు ఎందుకు కావలసివచ్చింది? ముక్కు తెగినా మనిషి ఊపిరి పీల్చగలడు, తినగలడు, బండి తోలగలడు. బీమా సంస్థ లెక్క ప్రకారం అతనిది తక్షణ ఆరోగ్య ముప్పు కాదు. అయినా అతనిది షోకని అనే ధైర్యం మనకెవరికీ ఉండదు, ఎందుకంటే ముక్కు కోయడం అంటే నలుగురిలో తలెత్తుకోకుండా చేయడమని మన భాషే చెబుతుంది. శూర్పణఖ ముక్కు కోసినవాడు ఆమె ఊపిరి ఆపాలని కోయలేదు. ముఖం చేసే పనులలో ఎదుటి మనిషి ముందు నిలబడడం ఒక పని. కన్ను చూస్తుంది, చెవి వింటుంది, ముఖం కనబడుతుంది. ఆ పని దెబ్బతింటే సరిచేయడం వైద్యమేనని రెండు శతాబ్దాల కింద ఇటుకలు చేసే మనిషికి తెలుసు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ సంగతి ఇంగ్లండుకు మరింత కఠినంగా తెలిసింది. కందకాలలో నుంచి తల మాత్రమే పైకెత్తిన సైనికుల ముఖాలు పేలిపోయాయి. న్యూజిలాండ్‌లో పుట్టిన హెరాల్డ్ గిల్లీస్ లండన్ పొలిమేరలోని సిడ్కప్‌లో 1917లో తెరిచిన ఆసుపత్రిలో అయిదు వేల మందికి పైగా సైనికులకు పదకొండు వేలకు పైగా శస్త్రచికిత్సలు జరిగాయి; యాంటీబయాటిక్‌లు లేని ఆ రోజులలో, తీసిన చర్మాన్ని గొట్టంలా చుట్టి కుడితే లోపలి భాగానికి చీము పట్టదని ఆయన కనిపెట్టడం ఆ పనికి ఎంతో తోడ్పడింది. ఆ ఆసుపత్రి నుంచి ఊళ్ళోకి వెళ్ళే దారిలో కొన్ని బల్లలకు నీలం రంగు వేశారు. ఆ బల్ల మీద కూర్చున్న మనిషి ముఖం చూసి ఉలిక్కిపడవచ్చునని ఊరివాళ్ళకు ముందే చేసిన హెచ్చరిక అది. మొదటిసారి ఈ సంగతి చదివినప్పుడు నాకు మా ఊరి పెళ్ళిళ్ళు గుర్తుకొచ్చాయి. వాటిలో ఫొటో తీసే వేళకు నన్నెప్పుడూ ఏదో సామాను తెమ్మని లోపలికి పంపేవారు. నీలం రంగు వేయలేదు, అంతే.

ఇక్కడి దాకా నాకు నేను న్యాయంగానే వాదించుకున్నాననుకున్నాను. మా అక్క కూతురు వచ్చి ఆ నమ్మకాన్ని కదిలించింది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది, ఇరవై ఏడేళ్ళు, ముక్కు దూలం మీద చిన్న బుడిపె ఉంది. పెళ్ళికి ముందే దాన్ని చెక్కించుకుంటానంది. మా అక్క ఏడ్చింది, బావగారు డబ్బు లెక్క అడిగారు, నేను నవ్వాను. అది నా వైపు తిరిగి, "నీ ముక్కయితే వైద్యం, నా ముక్కయితే షోకా మామయ్యా?" అంది.

జవాబు నాకు వెంటనే దొరకలేదు. 1896లో బెర్లిన్‌లో జాక్ జోసెఫ్ అనే యువ వైద్యుడి దగ్గరికి ఒక తల్లి తన కొడుకును తీసుకువచ్చింది. చెవులు బయటికి పొడుచుకుని ఉన్నాయని తోటి పిల్లలు ఏడిపించడం వల్ల ఆ పిల్లవాడు బడి మానేశాడు. జోసెఫ్ చెవులను సరిచేశాడు. పిల్లవాడు బాగున్నాడు, జోసెఫ్ ఉద్యోగం పోయింది. ఆరోగ్యంగా ఉన్న చెవుల మీద కత్తి పెట్టడం వైద్యం కాదని ఆ ఆసుపత్రి పెద్దలు భావించారు. రెండేళ్ళ తరువాత, పెద్ద ముక్కు వల్ల జనంలోకి రాలేకపోతున్న ఒక మనిషి ముక్కును చిన్నది చేసి, ఆ దుఃఖం కూడా రోగమేనని అక్కడి వైద్య సంఘం ముందు వాదించాడు. ఈ విద్యలో మామూలు స్థితికి తెచ్చేది పునర్నిర్మాణమని, మామూలును మించాలని చూసేది సౌందర్య చికిత్సని పాఠం చెబుతారు. ఆ "మామూలు" ఎవరి ముఖం మీద కొలిచినదో ఆ పాఠంలో ఉండదు. బెర్లిన్ పిల్లవాడి చెవులకూ, మా మేనకోడలి ముక్కుకూ, నా ముక్కుకూ మధ్య ఉన్నది హెచ్చుతగ్గుల తేడాయే తప్ప రకంలో తేడా కాదని ఒప్పుకోక తప్పలేదు.

అయితే పూర్తిగా దాని వైపుకు కూడా వెళ్ళలేను. నా ముక్కు రెక్క పడిపోతే ఊపిరి ఆగుతుంది, దాని బుడిపె వల్ల ఆగదు. దానికి 18 శాతం పన్ను పడడంలో నాకు అన్యాయం కనిపించదు, బీమా డబ్బు రాకపోవడంలోనూ కనిపించదు. కావలసినవారు తమ డబ్బుతో చేయించుకోవచ్చు. నాకు అభ్యంతరం నా నవ్వు మీద. మా అమ్మను దోసకాయతో ఇరవయ్యేళ్ళు సాధించిన నోళ్ళకూ, ఆ నవ్వుకూ దూరపు చుట్టరికం ఉంది.

మరో అభ్యంతరం అమ్మేవారి మీద. వైద్యులు ప్రకటనలతో రోగులను పిలవకూడదని 2002 నాటి వైద్య నీతి నిబంధనలు చెబుతున్నా, పెళ్ళికూతుళ్ళకు ప్యాకేజీలని, పెళ్ళికొడుకులకు జుట్టని నగరంలో ప్రతి వంతెన స్తంభం మీదా బొమ్మలుంటాయి. "ముందు", "తరువాత" అని వేసే జంట ఫొటోలను శ్రద్ధగా చూడండి: ముందు ఫొటోలో పై నుంచి వెలుగు, మూసిన పెదవులు, తరువాత ఫొటోలో ఎదుటి నుంచి వెలుగు, చిరునవ్వు. సగం శస్త్రచికిత్స దీపమే చేసింది. మా మేనకోడలిని ఒక క్లినిక్ మొదటి పరిచయంలోనే గడ్డానికీ, పెదవులకూ కూడా ధర చెప్పిందట. అది బుడిపె గురించి అడిగితే వాళ్ళు ముఖమంతా తప్పులు పట్టారు. కొండనాలుకకు మందు వేయబోయి ఉన్న నాలుక ఊడగొట్టే బేరం ఇలాగే మొదలవుతుంది. అది అక్కడి నుంచి లేచి వచ్చి, నా ముక్కును నిలబెట్టిన వైద్యుడి దగ్గరికే వెళ్ళింది. ఆయన రెండుసార్లు మాట్లాడి, మూడు నెలలు ఆగి రమ్మన్నారు.

యాసిడ్ దాడుల విషయంలోనూ సగంలో ఆగే గుణమే కనబడుతుంది. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద దాడి జరిగితే మూడు రోజులు తిరగకుండా నిందితులు ముగ్గురూ పోలీసు ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. పూలు చల్లిన జనాన్ని చూశాం. ఆ ఇద్దరిలో ఒకరు ఆ నెలాఖరుకే చనిపోయారు. యాసిడ్ పడిన ముఖానికి కనురెప్ప మూతపడేలా చేయడం, మెడకు అతుక్కున్న గడ్డాన్ని విడదీయడం, ముడుచుకున్న నోటిని మళ్ళీ తెరవడం ఏళ్ళ తరబడి సాగే పని. సుప్రీంకోర్టు 2013లో కనీస పరిహారం మూడు లక్షలుగా ఖరారు చేసింది; అన్ని ఆసుపత్రులూ ఉచితంగా చూడాలని చట్టం వచ్చింది. ఆ ఉచితం ఎన్నో శస్త్రచికిత్స దగ్గర ఆగుతుందన్నది బాధితులు చెప్పవలసిన కథ, దాన్ని నేను నా కథలో కలుపుకోను.

నాకు తెలిసినది పెదవుల సంగతి. నా చిన్నతనంతో పోలిస్తే ఇప్పుడు పరిస్థితి ఎంతో మెరుగు. ఆరోగ్యశ్రీ ఉంది, 1999లో మొదలైన స్మైల్ ట్రైన్ లాంటి సంస్థల డబ్బుతో జరిగే ఉచిత శస్త్రచికిత్సలు ఉన్నాయి, 2013 నుంచి పిల్లలను పుట్టగానే పరీక్షించే జాతీయ కార్యక్రమంలో పెదవి, అంగిలి చీలికలను కూడా చేర్చారు. ఏ పేద తల్లీ డబ్బు లేక బిడ్డ పెదవిని అలాగే వదిలేయవలసిన రోజులు కావివి. ఇంత మంచిని చూస్తూ కూడా తప్పు పడుతున్నానంటే, శిబిరాల లెక్కల్లో పెదవులు కనిపిస్తాయి గానీ మాటలు కనిపించవన్నదే కారణం. పెదవి కలిపితే ఫొటో వస్తుంది. అంగిలికి ఫొటో లేదు, మాటల చికిత్సకు అసలే లేదు, చెవిలో నీరు చేరి వినికిడి తగ్గుతోందేమోనని ఏటా చేయవలసిన పరీక్షకు ఎవరూ రిబ్బను కత్తిరించరు. అందం కోసమని బీమా సంస్థ నా ముక్కును ఆపితే, అందం వచ్చేసిందని ఇక్కడ పిల్లల అంగిళ్ళను ఆపుతున్నారు.

గత ఏడాది ఒక పట్టణంలో జరిగిన అలాంటి శిబిరానికి, నాలాంటివాడు కనబడితే తల్లులకు ధైర్యంగా ఉంటుందని పిలిస్తే వెళ్ళాను. వరుసలో ఒక పెద్దాయన రెండున్నరేళ్ళ మనవడిని ఎత్తుకుని ఉన్నాడు. పిల్లవాడి పెదవికి మూడు నెలల వయసులోనే శస్త్రచికిత్స జరిగింది. గీత నా గీత కంటే సన్నగా, ఎంతో అందంగా ఉంది. పరీక్షకు వచ్చిన కుర్ర వైద్యుడు పెదవి చూసి బాగుందని పంపించేశాడు. పెద్దాయన పక్కకు వచ్చి, పిల్లవాడు తల్లినీ తండ్రినీ ఎంత స్పష్టంగా పిలుస్తాడో నాకు వినిపించాలని, వాడిని బుజ్జగించి పలికించాడు. వాడు అమ్మ అన్నాడు, నాన్న అన్నాడు. తరువాత ఆయన తన గుండె మీద చేయి వేసుకుని, "నేనెవర్రా?" అని అడిగాడు. వాడు "నానా" అన్నాడు. ఆయన నవ్వి, "వాళ్ళ నాన్నంటే ప్రాణం సార్ వీడికి," అన్నాడు.

నోరు తెరిపించి ఫోను దీపం వెలుగులో చూశాను. అంగిలి నడుమ చీలిక అలాగే ఉంది. ఆయన దగ్గరున్న ఆసుపత్రి కాగితం తీసుకుని రెండు వైపులా తిప్పాను. చేసిన శస్త్రచికిత్స అన్న చోట పెదవి అని రాసి తేదీ వేశారు. తరువాత రావలసిన తేదీ అన్న చోట అడ్డంగా చిన్న గీత గీసి ఉంది.